మావయ్యా, అదే మనిషిని రెండుసార్లు తియ్యి

మాది వైజాగ్ దొండపర్తిలో చిన్న ఫోటో స్టూడియో. నాన్నగారు పెట్టింది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఫోన్లలో కెమెరాలు వచ్చాక పుట్టినరోజులకీ బారసాలలకీ స్టూడియో మెట్లెక్కేవాళ్లు లేరు. షాపు అద్దె వచ్చేది పాస్‌పోర్ట్ సైజు ఫోటోల మీద, వీసా ఫోటోల మీద, పెళ్లి సంబంధాలకి పంపే ఫోటోల మీద. ఈ మూడో రకం వాళ్లు స్టూలు మీద కూర్చోకముందే చెప్పే మాట ఒకటుంది: "కొంచెం తెల్లగా వచ్చేలా చూడండి." అమ్మాయి చెప్పదు, పక్కనున్న వాళ్లమ్మ చెబుతుంది. అబ్బాయిలైతే వాళ్లే చెప్పుకుంటారు, గొంతు తగ్గించి.

ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లో వచ్చింది. 2020లో పేరు మార్చి గ్లో అండ్ లవ్లీ చేశారు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు "కొంచెం గ్లో పెట్టండి" అనడం మొదలుపెట్టారు. నేను కదిపే స్లయిడర్ మాత్రం అదే.

అందుకే మా అక్క కూతురు వచ్చి "మావయ్యా, మనుషుల రూపం చూసి జనం ఏమేం అనుకుంటారో దాని మీద సైన్స్ ప్రాజెక్టు చేస్తాను, నువ్వు సాయం చెయ్యాలి" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లుగా మా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదే దాని మీద కదా.

పిల్ల తొమ్మిదో తరగతి. క్లాసులో అందరూ సోలార్ కుక్కరు, వాన నీటి గుంత, స్మార్ట్ డస్ట్‌బిన్ అంటుంటే నీకీ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందే అని అడిగాను. ఆగస్టు 15కి భారతమాత వేషం ఎవరికివ్వాలో వాళ్ల స్కూల్లో తేల్చిన పద్ధతి చూసి వచ్చిందట. టీచరు క్లాసులోకి వచ్చారు, అందరినీ ఒకసారి కలయజూశారు, ఒక అమ్మాయిని వేలితో చూపించి "నువ్వు రా" అన్నారు. పాట పాడించలేదు, డైలాగు చెప్పించలేదు. "ఒక్క సెకను కూడా పట్టలేదు మావయ్యా" అంది. తనకి వేషం రాలేదన్న ఏడుపు కాదు. ఆ సెకనులో టీచరు బుర్రలో ఏం జరిగిందో కనిపెట్టాలని దాని పట్టుదల.

ఆ సెకను గురించి నిజంగానే పరిశోధనలు ఉన్నాయి. 2006లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జనీన్ విల్లిస్, అలెగ్జాండర్ టోడొరోవ్ అనే ఇద్దరు కొంతమందికి ముక్కూ మొహం తెలియని వాళ్ల ఫోటోల్ని సెకనులో పదో వంతు సేపు చూపించి, ఈ మనిషిని నమ్మొచ్చా, పని చేతనైనవాడిలా ఉన్నాడా అని అడిగారు. ఎంతసేపైనా చూసుకోండని వదిలేసినప్పుడు జనం ఏమంటారో దానితో పోల్చారు. రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. చూసే సమయం పెంచితే అభిప్రాయం పెద్దగా మారలేదు, ఆ అభిప్రాయం మీద ధీమా పెరిగింది. అంటే ఆ టీచరు గారు ఇంకో పది నిమిషాలు అక్కడే నిలబడినా బహుశా అదే అమ్మాయిని చూపించేవారు, ఇంకాస్త గట్టిగా.

ప్రాజెక్టులో మొదటి పని మా అమ్మ పక్కన నోట్‌బుక్ పెట్టుకుని కూర్చోవడం. ఈ సరుకుకి అమ్మ దగ్గర లోటు లేదు. పొట్టోడికి పుట్టెడు బుద్ధులు. పొడుగోడికి బుర్ర మోకాల్లో. పిల్లికళ్లవాళ్లని నమ్మకూడదు. బట్టతల వస్తే డబ్బొస్తుంది. నుదురు పెద్దదైతే చదువు అబ్బుతుంది. లావుగా ఉన్నవాళ్లకి కోపం రాదు. (మా బావ లావే. ఆయన కోపం సంగతి అక్కని అడగాలి.) నలుపు నారాయణుడు మెచ్చు అని కూడా అమ్మే చెప్పింది. చెప్పి నావైపు చూసి, "నారాయణుడు మెచ్చాడు గాని నాయనా, ఆడపిల్లల తండ్రులెవరూ మెచ్చలేదు" అంది. నాకు సంబంధాలు చూసిన రోజులు గుర్తొచ్చి ఉంటాయి. నేను మంచి నలుపు. అక్క తెలుపు. చిన్నప్పుడు మా వీధిలో అక్కని పేరు పెట్టి పిలిచేవారు, నన్ను రంగు పెట్టి పిలిచేవారు.

ఆ జాబితాలో కొలవడానికి వీలున్నవి ఏవి అని పిల్ల వడపోసింది. పిల్లికళ్ల మనిషిని నమ్మొచ్చో లేదో తేలాలంటే అప్పిచ్చి చూడాలి. బట్టతలల డబ్బు తేలాలంటే ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు కావాలి. మిగిలింది పొట్టోడి బుద్ధులు. ఎత్తుకి దర్జీ టేపు చాలు. బుద్ధికి ఎఫ్ఏ పరీక్షలో వచ్చిన లెక్కల మార్కులు తీసుకుంది. "బుద్ధీ లెక్కల మార్కులూ ఒకటేనా?" అన్నాను. "కాదు. కానీ ఏదో ఒకటి కొలవాలి కదా. కాదనే మాట కూడా రిపోర్టులో రాస్తాను" అంది. ఒకళ్ల మార్కులు ఇంకొకళ్లకి తెలియకుండా చీటీలు తీయించి తలా ఒక గుర్తు ఇచ్చింది. పేర్లు లేవు, రోల్ నంబర్లు లేవు.

గ్రాఫు కాగితం మీద అడ్డంగా ఎత్తు, నిలువుగా మార్కులు వేసింది. చివరికి చూస్తే ఆవాలు చల్లినట్టుంది. పొట్టివాళ్లు పైనా ఉన్నారు, కిందా ఉన్నారు, పొడుగువాళ్లూ అంతే. మగపిల్లలతో పోలిస్తే ఆడపిల్లలు ముందుగా ఎదుగుతారు కాబట్టి ఇద్దర్నీ కలిపి చూస్తే తప్పుదారి పట్టొచ్చని, విడివిడిగా కూడా వేసి చూసింది. అక్కడా అంతే. ఒక్క క్లాసు మీద చేసినది, దీంతో ప్రపంచం గురించి ఏమీ తేలదని నాకే పాఠం చెప్పింది. కానీ ఆ కాగితంలోంచి అది వెతకనిది ఒకటి బయటపడింది. ఎత్తుకి మార్కులతో సంబంధం లేదు గాని బెంచీతో ఉంది. ముందు కూర్చున్నవాళ్ల తలలు అడ్డం రాకూడదని వాళ్ల క్లాసులో ఎత్తు వరసలో కూర్చోబెడతారు. పొడుగు పిల్లలంతా చివరి బెంచీలు. కూర్చోబెట్టింది ఎత్తు చూసి, "లాస్ట్ బెంచ్ బ్యాచ్" అని తిట్టేది మాత్రం చదువు గురించి. మోకాల్లో బుర్ర సామెత ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు గాని, అది ఇంకా ఎక్కడ బతుకుతోందో ఆ గ్రాఫు చూశాక అర్థమైంది.

ముఖం చూసి గుణం చెప్పడానికి సైన్సు అని పేరు పెట్టినవాళ్లు కూడా లేకపోలేదు. ఇటలీలో చెసరె లొంబ్రోసో అనే డాక్టరు 1876లో పెద్ద పుస్తకమే రాశాడు, నేరస్తులు పుట్టుకతోనే వేరని, దవడ, చెవులు, నుదురు చూసి పోల్చుకోవచ్చని. ఆ కొలతలు తర్వాతివాళ్ల పరీక్షకి నిలబడలేదు. నాకు ఆయనకన్నా ఇంగ్లండులోని ఫ్రాన్సిస్ గాల్టన్ సంగతి ఆసక్తిగా అనిపించింది, ఎందుకంటే చేసింది మా పనే. 1870ల చివర్లో ఆయన ఖైదీల ఫోటోలు తెచ్చి, ఒకే ప్లేటు మీద ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం ఎక్స్‌పోజరు ఇచ్చి కలిపాడు. అందరికీ ఉమ్మడిగా ఉండే నేరస్తుడి ముఖం తేలుతుందని ఆశ. తేలింది ఏమిటంటే విడి ఫోటోలకన్నా బాగున్న ముఖం. దుర్మార్గపు గుర్తులన్నీ మాయమయ్యాయని ఆయనే రాసుకున్నాడు. 1990లో అమెరికాలో లాంగ్లోయిస్, రాగ్మన్ అనే ఇద్దరు కంప్యూటరులో మామూలు విద్యార్థుల ముఖాలు కలిపినప్పుడూ ఇదే జరిగింది: ఎక్కువ ముఖాలు కలిపినకొద్దీ చూసేవాళ్లకి అందంగా తోచింది. నేనూ ఫోటోషాప్‌లో మా ఇంటి మగవాళ్లందర్నీ లేయర్లుగా పెట్టి కలిపి చూశాను. మా వంశంలో ఎన్నడూ పుట్టనంత అందగాడు వచ్చాడు. బావ దాన్ని వాట్సాప్ డీపీగా పెట్టుకున్నాడు.

అసలు ప్రాజెక్టు స్టూడియోలో మొదలైంది. తెల్లగా ఉన్నవాళ్లవి కొన్ని, నల్లగా ఉన్నవాళ్లవి కొన్ని ఫోటోలు పెట్టి జనాన్ని అడుగుదామనుకున్నాను నేను. పిల్ల కుదరదంది. వేరేవేరే మనుషులైతే జనం మాటల్లో తేడా రంగు వల్ల వచ్చిందో, ముక్కు వల్ల వచ్చిందో, నవ్వు వల్ల వచ్చిందో ఎలా చెబుతాం? "మావయ్యా, అదే మనిషిని రెండుసార్లు తియ్యి. ఒక్క విషయం తప్ప ఏదీ మారకూడదు."

ఇది చెప్పినంత తేలిక కాదు. ఫోటోషాప్ వద్దనుకున్నాం, టచింగ్ చేసిన ముఖాన్ని జనం ఇప్పుడు ఇట్టే పట్టేస్తున్నారు. లైటుతోనే చెయ్యాలి. అదే స్టూలు, అదే చొక్కా, అదే చూపు, మధ్యలో ఒక స్టాప్ తేడా, అంటే ఒకదానికి ఇంకొకదానికన్నా రెట్టింపు వెలుగు. ఆ ఒక్క స్టాప్‌తో మనిషి చాయ మారిపోతుంది. పిల్ల నోరు తెరిచి చూసింది. ఇంత పెద్ద విషయమా అని నాకు ఆశ్చర్యం, నేను రోజూ చేసేదే కాబట్టి.

ఇక్కడ నా వృత్తి గురించి రెండు ముక్కలు చెప్పాలి. కెమెరాలో ఉండే లైట్ మీటరు ఎదురుగా కనబడేదంతా కలిపి నడిమి బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. వెనక తెల్ల గుడ్డ కట్టి ఉంటే వెలుగు మరీ ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఆ దెబ్బ తెల్లటి ముఖానికి అంతగా కనబడదు. నాలాంటివాడి ముఖంలో మాత్రం కళ్లూ కనుబొమలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పాస్‌పోర్ట్ ఫోటోకి తెల్ల బ్యాక్‌గ్రౌండే కావాలి కదా. ఫోటో తీసేవాడు మీటరు మాట వినకుండా ముఖానికి వెలుగు పెంచుకోవాలి. పెంచకుండా టకటకా కొట్టి పంపేసే చోట నల్లటివాళ్లందరూ ఇంకా నల్లగా బయటికొస్తారు. నాన్నగారి కాలంలో బ్లాక్ అండ్ వైట్. ఆయన నెగటివ్‌ని అద్దం మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిలుతో బుగ్గల మీదా కళ్ల కిందా చుక్కలు పెట్టేవారు. నెగటివ్ మీద పెన్సిలు పడినచోట ప్రింటులో తెల్లబడుతుంది. తెల్లగా చెయ్యండన్న మాట అప్పుడూ ఉండేది, పని మాత్రం ఒక సాయంత్రం పట్టేది.

రంగుల ఫిల్ము వచ్చాక ఇంకో కథ. ప్రింట్లలో రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకి కొడాక్ కంపెనీ ఒక కార్డు పంపేది, దాని మీద తెల్లజాతి అమ్మాయి బొమ్మ ఉండేది. మొదట్లో అలా ఫోటోకి కూర్చున్న ఉద్యోగిని పేరు షర్లీ కాబట్టి షర్లీ కార్డు అనే పేరు పడిపోయింది. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు లెక్క. వేరే చాయలవాళ్లని కూడా పెట్టిన కార్డు ఆ కంపెనీ నుంచి 1990లలో గాని రాలేదు. అంటే కొలబద్దే ఒక చాయకి కట్టి ఉంది. ఇది విన్నాక పిల్ల నోట్‌బుక్కులో ఏదో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

దూరం సంగతి కూడా పెట్టాం. 2012లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ వాళ్లు అదే మనిషిని 45 సెంటీమీటర్ల నుంచి, 135 సెంటీమీటర్ల నుంచి తీసి చూపిస్తే, దగ్గరనుంచి తీసిన ఫోటోలోని మనిషిని జనం తక్కువ నమ్మారు. దగ్గరికెళ్తే ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కిపోతాయి. ఈ సంగతి మా వృత్తిలో అందరికీ తెలుసు. ఆ ముక్కు మూలంగా మనిషి మీద నమ్మకమే తగ్గుతుందని మాత్రం నాకు ఇప్పుడే తెలిసింది. సెల్ఫీ తీసుకుని పెళ్లి సంబంధాలకి పంపేవాళ్లకి ఈ మాట ఫ్లెక్స్ కొట్టించి షాపు ముందు పెడదామని ఉంది. వ్యాపారానికి కూడా మంచిది.

ఎవర్ని తియ్యాలి? నా కంప్యూటరులో కస్టమర్ల ఫోటోలు కుప్పలుగా ఉన్నాయి. ఒక్కటీ ఇవ్వనన్నాను. వీసా కోసం తీయించుకున్న ముఖాన్ని స్కూలు బల్ల మీద పెట్టే హక్కు నాకు లేదు. ఇంట్లోవాళ్లు, ఒప్పుకున్న స్నేహితులు, పక్కన టీ కొట్టు నడిపే కుర్రాడు, అందరిచేతా కాగితం మీద సంతకం పెట్టించి తీశాం. టీ కొట్టు కుర్రాడివి వెలుగు మార్చి రెండు. నా మిత్రుడివి కళ్లద్దాలతో ఒకటి, లేకుండా ఒకటి. అమ్మవి కూడా వెలుగు మార్చి రెండు. బావకి జుట్టు. ఆయన అప్పుడే తిరుపతి వెళ్లి గుండు చేయించుకుని వచ్చాడు, కొత్త జుట్టు దువ్వెనకి అందనంత మొలిచింది. అలా ఒకటి తీసి, జుట్టు పూర్తిగా పెరిగాక అదే చొక్కాతో ఇంకొకటి తీశాం.

అడిగింది షాపుకి వచ్చినవాళ్లనే. ప్రింటు వచ్చేదాకా కుర్చీలో ఖాళీగా కూర్చుంటారు కదా. రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే ఒక కవరు, బొరుసు పడితే రెండో కవరు. ఎవరికీ ఒక మనిషివి రెండు ఫోటోలూ కనబడవు. ఈయన ఏం పని చేస్తారనుకుంటున్నారు, మీ ఇంటి తాళాలు ఇచ్చి వెళ్తారా, లెక్కలు బాగా వస్తాయనిపిస్తోందా, మంచివాడేనా, ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వెయ్యండి. అన్నీ అయ్యాక ఆఖరున ఒక సూటి ప్రశ్న: రూపం చూసి మనిషిని అంచనా వెయ్యొచ్చా?

ఆ ఆఖరి ప్రశ్నకి దాదాపు అందరూ ఒకటే జవాబు చెప్పారు. తప్పు, అలా చెయ్యకూడదు, గుణం ముఖ్యం. కొందరు పిల్లకి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చారు. అదే జనం అంతకు రెండు నిమిషాల ముందు వేసిన మార్కులు రెండు కవర్లకీ విడివిడిగా కూడితే, వెలుగు తగ్గించిన ఫోటోలు ఉద్యోగం దగ్గరా తాళాల దగ్గరా వెనకబడ్డాయి. టీ కొట్టు కుర్రాడు వెలుగు ఎక్కువున్న ఫోటోలో బ్యాంకులో పని చేశాడు, సాఫ్ట్‌వేర్ చేశాడు, ఒకరైతే డాక్టరు చదువుతున్నాడన్నారు. వెలుగు తక్కువున్న ఫోటోలో ఆటో తోలాడు, సెంట్రింగ్ పని చేశాడు. చొక్కా అదే, నవ్వు అదే. "మంచివాడేనా" దగ్గర మాత్రం పెద్ద తేడా రాలేదు. నల్లగా ఉన్నవాడు మంచివాడైతే జనానికి అభ్యంతరం లేదు, మేనేజరు అయితేనే నమ్మలేకపోతున్నారు.

నేను గట్టిగా నమ్మేది ఇదే. ఈ విషయం మీద సూటిగా అడిగితే నీతి వాక్యమే వస్తుంది. అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు ఏం చెప్పాలో. స్కూళ్లలో ఈ అంశం మీద చార్టులు పెట్టించి "అందరూ సమానమే" అని రాయించడం వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు, ఏ ఉపయోగమూ లేదు. రూపాయి బిళ్ల ఎగరేసి రెండు కవర్లు ఇవ్వడంలో ఉన్న సత్తా వేరు. అబద్ధం చెప్పే అవసరం ఎవరికీ రాదు, అయినా లోపలిది లెక్కలోకి వచ్చేస్తుంది.

జనం అబద్ధాలకోరులని అనడం లేదు. నిజంగానే వాళ్లకి తెలియదు. 1977లో మిషిగన్‌లో నిస్‌బెట్, విల్సన్ అనే ఇద్దరు ఒక లెక్చరరు వీడియోలు రెండు చూపించారు. ఒకదాంట్లో ఆయన స్నేహంగా మాట్లాడాడు, ఇంకోదాంట్లో కటువుగా. కటువుగా మాట్లాడింది చూసినవాళ్లకి ఆయన ముఖమూ యాసా కూడా నచ్చలేదు. పైగా వాళ్ల నమ్మకం ఏమిటంటే, ఆ ముఖమూ యాసా బాగోలేకే మనిషి నచ్చలేదని. సరిగ్గా తలకిందులు. ఒక గుణం వెలుగు మిగతావాటి మీద పడడాన్ని 1920లోనే ఎడ్వర్డ్ థార్న్‌డైక్ గమనించాడు. సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకి వేసిన మార్కులు చూస్తే, శరీర దారుఢ్యానికి ఎక్కువ వేసినవాడికే తెలివికీ నాయకత్వానికీ నడవడికీ కూడా ఎక్కువ పడుతున్నాయి. 1972లో మిన్నెసోటాలో డయాన్, బెర్షీడ్, వాల్‌స్టర్ అనే ముగ్గురు ఫోటోలతో ఇదే చూశారు: అందగాళ్లకి మంచి ఉద్యోగాలు, సుఖమైన సంసారాలు రాసిపెట్టి ఉన్నాయని విద్యార్థులు ఊహించారు. ఒక్క విషయంలో మాత్రం అందానికి ఎక్కువ మార్కులు రాలేదు, మంచి అమ్మో నాన్నో అవుతారా అన్న దాంట్లో.

మా దగ్గర దానికి చుట్టం లాంటి ఫలితం ఒకటి వచ్చింది. మా అమ్మ ఫోటో. వెలుగు ఎంత తగ్గించినా అందరూ ఆవిడకి తాళాలు ఇచ్చేశారు. పెద్దావిడ, బొట్టు, ముగ్గుబుట్ట జుట్టు, ఇంకేం కావాలి. పేకాటలో ఆవిడ చేసే మోసం మా ఇంట్లో అందరికీ తెలుసు. బావ ఫలితం ఇంకా తమాషా. పొట్టి జుట్టు ఫోటో చూసినవాళ్లు ఇంచుమించు అందరూ "నేవీ" అన్నారు. వైజాగ్ కదా, తూర్పు నౌకాదళం కేంద్రం ఇక్కడే, క్రాఫు చూస్తే ఊరికి వచ్చే మొదటి ఆలోచన అదే. జుట్టు పెరిగిన ఫోటోలో ఆయన ఏదో వ్యాపారం చేసుకునే మనిషి. నిజానికి ఆయనకి కంచరపాలెంలో బియ్యం కొట్టు. ఈత కూడా రాదు. ఈ ఫలితం విన్నాక నెలనెలా క్రాఫు చేయించుకుంటున్నాడు.

పెళ్లి ఫోటో కోసం కూతుర్ని తీసుకొచ్చిన ఒకావిడ ఉన్నారు. "తెల్లగా రావాలి, కానీ మా అమ్మాయిలాగే ఉండాలి" అన్నారు. ఆవిడకి వెలుగు తక్కువ కవరు వెళ్లింది. టీ కొట్టు కుర్రాడికి తాళాల దగ్గర ఒకటే మార్కు వేసి, ఆఖరి ప్రశ్నకి "రంగుదేముంది బాబూ, గుణం చూడాలి" అన్నారు. ఆవిడ వెళ్లాక నేను నవ్వుతుంటే పిల్ల ఊరుకోలేదు. "ఆవిడ రెండో ఫోటో చూడలేదు కదా. దానికీ ఒకటే వేసేదేమో. అసలు ఎవరికీ తాళాలు ఇవ్వని మనిషేమో. రెండు గుంపుల మధ్య తేడా చెప్పగలం గాని ఒక్క మనిషిని పట్టుకుని ఈవిడ ఇలాంటిది అనలేం మావయ్యా. అలా అంటే మనమూ అదే పని చేసినట్టు." పద్నాలుగేళ్ల పిల్ల. నేను ప్రింటరులో కాగితం పెట్టుకుంటూ కూర్చున్నాను.

స్కూల్లో చూపిస్తే మొదట వచ్చిన ప్రశ్న, ఇది సోషల్ కదా, సైన్సు ఎక్కడుంది అని. అందుకని చర్మం రంగు మీద ఒక చార్టు చేర్చింది. రంగునిచ్చే కణాలు తెల్లవాళ్లలోనూ నల్లవాళ్లలోనూ ఇంచుమించు అన్నే ఉంటాయి, అవి తయారుచేసే మెలనిన్ ఎంత, ఎలాంటిది అన్నదే తేడా. 2005లో జీబ్రా చేపల మీద పని చేస్తుండగా రంగుకి సంబంధించిన ఒక ముఖ్యమైన జన్యువు మనుషుల్లోనూ దొరికింది, దాని పేరు ఎస్ఎల్‌సి24ఏ5. చాయని తేలిక చేసే దానిలోని మార్పు మన దేశంవాళ్లకీ యూరప్‌వాళ్లకీ ఒకే మూలం నుంచి వచ్చిందని 2013లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలున్న బృందం చూపించింది. రంగుని నిర్ణయించేది అదొక్కటే కాదు, ఇంకా చాలా జన్యువులు ఉన్నాయి. ప్రతి కాన్పుకీ పేకముక్కలు కొత్తగా కలుపుకుని పంచినట్టు. అక్కకి ఆ ముక్కలు పడ్డాయి, నాకు ఈ ముక్కలు పడ్డాయి. చార్టు బాగుంది, రంగు పెన్నులతో చక్కగా వేసింది. ప్రాజెక్టులో సైన్సు ఉన్నదని వాళ్లు ఒప్పుకున్నది ఆ చార్టు చూశాకే. నాకైతే రూపాయి బిళ్లలో ఉన్న సైన్సు ఆ చార్టులో లేదు.

సైన్స్ ఫెయిర్ రోజున నేను షాపు మధ్యాహ్నం దాకా మూసేసి వెళ్లాను. పక్క బల్ల మీద అగ్నిపర్వతం పొంగుతోంది, అటుపక్క హైడ్రాలిక్ జేసీబీ. మా పిల్ల బల్ల మీద కవర్లు, గ్రాఫులు, సంతకాల ఫైలు. చూసేవాళ్లు తక్కువ. జడ్జీలు వచ్చి "మోడల్ ఏదమ్మా?" అన్నారు. "మీరే సార్" అంది. నాకు గుండె జారింది. ఇద్దరికీ చెరో కవరు ఇచ్చి, ఫోటోలో మనిషి ఏం పని చేస్తారో చీటీ మీద రాయమంది. ఒకరు లెక్చరరు అని రాశారు, ఇంకొకరు సెక్యూరిటీ గార్డు అని రాశారు. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి ఫోటోలు తిప్పి చూపించింది. ఆ మనిషిని నేనే. అక్కడే వెనక నిలబడి ఉన్నాను. సెక్యూరిటీ గార్డు అని రాసిన జడ్జీగారు నన్ను చూసి చాలాసేపు నవ్వారు, తర్వాత "ఇద్దరమే కదమ్మా, ఇదెలా రుజువు అవుతుంది?" అని అడిగారు. ఆ రోజు పిల్లకి బాగా నచ్చిన ప్రశ్న అదే. గ్రాఫులు తీసి మొత్తం చెప్పింది, తన లెక్కల్లో ఎక్కడ లోపాలున్నాయో కూడా చెప్పింది: అడిగినవాళ్లంతా ఒక్క షాపుకి వచ్చినవాళ్లే, ఫోటోలు తక్కువ, అడిగింది తనే కాబట్టి తన ముఖం చూసి కూడా జవాబులు మారి ఉండొచ్చు.

మొదటి బహుమతి స్మార్ట్ డస్ట్‌బిన్‌కి వచ్చింది. చెయ్యి పెడితే మూత తెరుచుకుంటుంది, బాగానే చేశారు. మా పిల్లకి ప్రోత్సాహక బహుమతి, స్టీలు డబ్బా. అక్క దాంట్లో కందిపప్పు పోసింది.

పిల్ల ఇప్పుడు కళ్లద్దాల మీద పడింది. అద్దాలు పెట్టుకున్నప్పుడు మా మిత్రుడికి లెక్కల్లో మార్కులు పెరిగాయి. ఇంగ్లండులో ఆర్గైల్, మెక్‌హెన్రీ అనే ఇద్దరు 1971లో దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లారు. ఊరికే చూపిస్తే అద్దాలున్నవాళ్లు తెలివైనవాళ్లుగా కనబడ్డారు. అదే మనిషి ఐదు నిమిషాలు మాట్లాడుతుంటే చూసినవాళ్లకి ఆ తేడా పోయింది. వెలుగు విషయంలో కూడా అలాగే పోతుందా, లేక అది అద్దాల్లాగా అంత సులువుగా వదలదా అన్నది పిల్ల ప్రశ్న. వేసవి సెలవుల్లో వీడియోలతో చెయ్యాలంటోంది. అంటే నా స్టూడియోలో రెండు లైటింగులు కట్టి ఉంచాలి, ఫ్యాను చప్పుడు రాకుండా ఆపాలి, మే నెలలో. మాట్లాడడానికి మనుషులు కావాలి: ఏ వయసైనా, ఏ చాయైనా పరవాలేదు, సంతకం పెట్టాలి, ఐదు నిమిషాలు మీ పని గురించి తప్ప ఏదైనా మాట్లాడాలి. టీ మేమిస్తాం. వచ్చినప్పుడు పనిలో పనిగా పాస్‌పోర్ట్ ఫోటో కూడా తియ్యమంటే తీస్తాను గాని, దానికి మాత్రం డబ్బులు తీసుకుంటాను.